తొలి గడప దగ్గరి పోరాటం

ఓటు హక్కు కలిగి ఉండడం ఒక ఎత్తు. ఆ ఓటు ఎవరికి వేయాలో నిర్ణయమయ్యే చోట ప్రవేశం కలిగి ఉండడం మరొక ఎత్తు. ఈ తేడాను అమెరికా న్యాయస్థానాల ముందు నిలబెట్టిన వ్యక్తి డాక్టర్ లారెన్స్ నిక్సన్. 1883లో టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో నల్లజాతి కుటుంబంలో జన్మించిన ఆయన, 1906లో మెహారీ వైద్య కళాశాల నుంచి పట్టా పొందారు. 1910లో మెక్సికో సరిహద్దున ఉన్న ఎల్ పాసో నగరంలో స్థిరపడి వైద్య వృత్తి సాగించారు. నల్లజాతీయుల హక్కుల కోసం పోరాడే ఎన్ఏఏసీపీ సంస్థ స్థానిక శాఖ నిర్మాణంలో పాలుపంచుకున్నారు.

ఆనాడు దక్షిణాది రాష్ట్రాలలో డెమొక్రటిక్ పార్టీదే ఏకఛత్రాధిపత్యం. పార్టీ అభ్యర్థిని ఎంపిక చేసే ప్రైమరీ ఎన్నికే అసలు ఎన్నిక. నవంబరులో జరిగే సాధారణ ఎన్నిక దానికి లాంఛనప్రాయమైన ముగింపు మాత్రమే. ఇది గ్రహించిన టెక్సాస్ శాసనసభ, డెమొక్రటిక్ ప్రైమరీలో నల్లజాతీయులు పాల్గొనరాదని 1923లో చట్టం చేసింది. రాజ్యాంగమిచ్చిన ఓటు హక్కు కాగితం మీద చెక్కుచెదరలేదు. దాని విలువ మాత్రం హరించుకుపోయింది.

1924 జూలై 26న డాక్టర్ నిక్సన్ ఓటు పన్ను రశీదు తీసుకుని పోలింగ్ కేంద్రానికి వెళ్లారు. అధికారులు ఆయనకు ఓటు నిరాకరించారు. ఆయన కోర్టుకెక్కారు. 1927లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. వెంటనే శాసనసభ ఎత్తు మార్చి, ఎవరిని ఓటర్లుగా అంగీకరించాలో తేల్చే అధికారాన్ని పార్టీ కార్యవర్గానికి అప్పగించింది. నిక్సన్ మళ్లీ వ్యాజ్యం వేశారు. 1932లో అయిదుగురు న్యాయమూర్తులు ఆయన పక్షాన, నలుగురు వ్యతిరేకంగా నిలిచారు. అంతట పార్టీ మహాసభే ప్రైమరీని తెల్లవారికి పరిమితం చేస్తూ తీర్మానించింది. పార్టీ ఒక స్వచ్ఛంద సంస్థ గనుక దాని సభ్యత్వం దాని ఇష్టమని మరో నల్లజాతీయుడి కేసులో 1935లో సుప్రీంకోర్టు సమ్మతించింది. రెండు విజయాలు సాధించిన వైద్యుడికి ఓటు మాత్రం దక్కలేదు.

హ్యూస్టన్ దంతవైద్యుడు లోనీ స్మిత్ పక్షాన థర్గుడ్ మార్షల్ ప్రభృతులు వాదించిన కేసులో, 1944 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తన పాత తీర్పును తానే రద్దు చేసుకుంది. ప్రైమరీ పార్టీ సొంత వ్యవహారం కాదనీ, ఎన్నికల ప్రక్రియలో విడదీయరాని భాగమనీ తేల్చింది. అదే ఏడాది జూలైలో, ఇరవై ఏళ్ల నిరీక్షణ తరువాత, నిక్సన్ ఎల్ పాసోలో ప్రైమరీ ఓటు వేశారు. 1966లో కన్నుమూశారు.

వెలి మాత్రం అంత సులభంగా ఓడలేదు. టెక్సాస్‌లోని ఒక కౌంటీలో జేబర్డ్ అనే తెల్లవారి సంఘం ప్రైమరీకి ముందే సొంత ఎన్నిక జరిపేది. అందులో గెలిచినవారికే ప్రైమరీలో గెలుపు దక్కేది. 1953లో సుప్రీంకోర్టు దాన్నీ అడ్డుకుంది. చట్టం నుంచి కార్యవర్గానికి, కార్యవర్గం నుంచి మహాసభకు, అక్కడి నుంచి ఒక సంఘానికి వివక్ష ఒక్కొక్క గదే వెనక్కి జరుగుతూ వచ్చింది.

నేడు కాలిఫోర్నియా, వాషింగ్టన్ వంటి రాష్ట్రాలలో పార్టీలతో నిమిత్తం లేకుండా ఓటర్లందరూ ఒకే ప్రైమరీలో పాల్గొంటారు. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవారే తుది పోటీకి వెళతారు. పార్టీ గడప తెరుచుకుంది. అయితే అందరికీ తెరిచిన ఎంపికలో అల్పసంఖ్యాకుల మాట వినపడుతుందా అన్న ప్రశ్న మిగిలే ఉంది.

మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. నిక్సన్ రెండో తీర్పు వచ్చిన 1932లోనే, పూనా ఒప్పందం మరొక మార్గాన్ని సూచించింది. ప్రతి రిజర్వుడు స్థానానికి తొలుత అణగారిన వర్గాల ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలి. ఆ నలుగురిలో ఒకరిని ఉమ్మడి ఓటర్లు గెలిపించాలి. అక్కడ ప్రైమరీ వెలివేసే సాధనం కాదు, వెలికి గురైనవారికి తొలి మాట ఇచ్చే ఏర్పాటు. స్వతంత్ర భారత రాజ్యాంగంలో దానికి చోటు దక్కలేదు. నేడు రిజర్వుడు స్థానాలలో పార్టీ టికెట్టు ఎవరికివ్వాలో తేల్చేది పార్టీ అధినాయకత్వమే. ఆ గదిలో దళితుల మాట ఎంత చెల్లుబాటవుతోందో ప్రతి పార్టీనీ నిలదీయవలసిన బాధ్యత ఓటరుదే.