వీధిబడి నుంచి విశ్వవిద్యాలయ పీఠానికి.. కట్టమంచి విద్యాప్రస్థానం

చిత్తూరు: ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రథమ ఉపకులపతిగా డాక్టర్ కట్టమంచి రామలింగారెడ్డి పేరు తెలుగునాట సుప్రసిద్ధం. ఆ పదవికి ఆయనను సిద్ధం చేసిన విద్యార్థి దశ గురించి మాత్రం చర్చ జరిగేది తక్కువ. నిజానికి సి.ఆర్.రెడ్డి వ్యక్తిత్వానికి పునాది పడింది ఆ రోజుల్లోనే.

చిత్తూరును ఆనుకొని ఉన్న కట్టమంచి గ్రామంలో 1880 డిసెంబరు 10న సుబ్రహ్మణ్యరెడ్డి, నారాయణమ్మ దంపతులకు ఆయన జన్మించారు. ఆ గ్రామం నేడు పట్టణంలో అంతర్భాగం. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో కాగా, అంతవరకు ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లా పరిధిలో ఉండేది. వీధిబడిలో అక్షరాభ్యాసం, చిత్తూరులో పాఠశాల విద్య ముగించుకొని ఉన్నత విద్యకై మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరారు.

ఆంగ్ల విద్యకు పేరెన్నికగన్న ఆ కళాశాలలోనే ఆయన తెలుగు కవి కావడం విశేషం. కళాశాల ఆంధ్ర భాషాభిరంజని సమాజం నిర్వహించిన పోటీకి 'ముసలమ్మ మరణము' కావ్యం రచించి బహుమతి పొందారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అనంతపురం సమీపంలోని బుక్కరాయసముద్రం చెరువుకు గండిపడగా, ఊరిని కాపాడేందుకు ఒక రైతు కుటుంబపు కోడలు ఆత్మార్పణ చేసుకున్న గాథ అందులోని ఇతివృత్తం. చెరువులే ఆధారంగా బతికే సీమలో గండి పడటమంటే ఏమిటో కట్టమంచి బిడ్డకు వేరొకరు చెప్పవలసిన పని లేదు. రాజులు, అప్సరసలు లేని కావ్యం, నాయిక సామాన్య గృహిణి, ముగింపు విషాదం. ప్రబంధ ధోరణి ఇంకా వీడని ఆనాటి సాహిత్యంలో ఇది సాహసమే. నవ్యకవిత్వానికి తొలి అడుగుగా దీనిని పరిగణించే విమర్శకులు ఉన్నారు.

1902లో పట్టభద్రులైన రామలింగారెడ్డి ప్రభుత్వ విద్యార్థి వేతనంపై ఇంగ్లండు వెళ్లి, కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలలో చరిత్ర అభ్యసించారు. అక్కడి విద్యార్థుల ప్రఖ్యాత చర్చావేదిక కేంబ్రిడ్జి యూనియన్‌కు ఉపాధ్యక్షునిగా ఎన్నికయ్యారు. పరాధీన దేశం నుంచి వెళ్లిన యువకుడు పాలకుల గడ్డపై, వారి భాషలోనే వాదించి సాధించుకున్న గౌరవమది. తరువాతి కాలంలో మద్రాసు శాసనమండలిలో ప్రత్యర్థులను ఇరుకున పెట్టిన వాగ్ధాటికి ఇక్కడే పదును పెట్టుకున్నారు.

స్వదేశానికి తిరిగివచ్చాక బరోడా కళాశాలలో అరవిందఘోష్ ఖాళీ చేసిన స్థానంలో ఆయన నియమితులయ్యారు. అనంతరం మైసూరులో ఆచార్యునిగా, మహారాజా కళాశాల ప్రిన్సిపాలుగా, విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా సేవలందించారు. ఇన్ని బాధ్యతల నడుమ 1914లో 'కవిత్వతత్త్వ విచారము' వెలువరించి ప్రబంధ కవులను నిశితంగా విమర్శించారు. క్రైస్తవ కళాశాలలో కావ్యరూపంలో మొదలైన తిరుగుబాటుకు ఇది కొనసాగింపు.

1921లో మైసూరు కొలువు వీడి జస్టిస్ పార్టీ ద్వారా రాజకీయాల్లో ప్రవేశించారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో ప్రారంభం కాగా తొలి ఉపకులపతి అయ్యారు. స్వాతంత్ర్యోద్యమంపై ప్రభుత్వ నిర్బంధకాండకు నిరసనగా 1930లో రాజీనామా సమర్పించారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ తర్వాత 1936లో తిరిగి ఆ పీఠం అధిష్ఠించి 1949 వరకు కొనసాగారు.

1948 డిసెంబరులో విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో, తన పేరిట నెలకొల్పిన జాతీయ బహుమతిని అరవిందులకు ప్రకటించారు. బరోడాలో తనకు ముందు పాఠాలు చెప్పిన ఆచార్యుని ఆ వేదికపై స్మరించుకున్నారు. 1951 ఫిబ్రవరి 24న రామలింగారెడ్డి కన్నుమూశారు. ఆయన ఆజన్మ బ్రహ్మచారి.