సురవరం ప్రతాపరెడ్డిగారు - ప్రజల చరిత్రను కూడబెట్టిన జీవితము

1952వ సంవత్సరపు ఎన్నికలలో మన వనపర్తి నుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైన సభ్యుడు తెలుగువారి చరిత్రకారులలో అగ్రగణ్యుడని నేటి పిల్లలలో ఎందరికి తెలియునో చెప్పజాలను. నాడు ఓటు వేసిన పెద్దలలో సయితము కొందరికి తెలియకపోయి యుండవచ్చును. ఆ మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డిగారు.

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికలో వారి జీవితమును స్మరించుటకు కారణము కలదు. వారు గ్రంథములు వ్రాసిన పండితులు మాత్రమే కారు. చెదలపాలగుచున్న తాటియాకులను, ముసలివారి నోట మాత్రమే మిగిలిన మాటలను, ఏ చరిత్రపుస్తకములోను చోటు దొరకని సామాన్యుల పేర్లను ఏరి కూర్చి దాచినవారు. అందుకు ప్రభుత్వపు ధనము లేదు, జీతగాండ్రు లేరు. ఊరూర నున్న ఉపాధ్యాయులు, విద్యార్థులు, పత్రికా పాఠకులు, వీరే వారి బలగము.

ప్రతాపరెడ్డిగారు 1896వ సంవత్సరము మే 28వ తేదీన బోరవెల్లిలో జన్మించిరి. స్వగ్రామము అలంపురము ప్రాంతమందలి ఇటిక్యాలపాడు. తుంగభద్రకు ఇటువైపు నవబ్రహ్మాలయములు, అడుగడుగున శాసనములు నున్న సీమ యది. శిలలపై వ్రాతలను చూచుచు పెరిగిన బాలునకు చరిత్రపై మక్కువ కలుగుట వింత కాదు. కర్నూలులో చదివి, వెల్లాల శంకరశాస్త్రిగారి యొద్ద సంస్కృతము నేర్చి, మద్రాసులో పట్టము పొందిరి. న్యాయశాస్త్రమును కూడ చదివిరి గాని, వకీలు వృత్తిలో వారి మనస్సు నిలువలేదు. ఆ వృత్తిలోనే యుండినచో ధనము గడించెడివారేమో, మనకు మాత్రము నష్టమే కలిగెడిది.

1924లో కొత్వాలు రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పిలుపుపై హైదరాబాదులోని రెడ్డి హాస్టలు కార్యదర్శిత్వమును స్వీకరించిరి. పల్లెల నుండి వచ్చి చదువుకొను పిల్లలకు కూడు, గూడు చూచుటయే అచటి కార్యదర్శి పని. ప్రతాపరెడ్డిగారు దానితో తృప్తి చెందక, అక్కడి గ్రంథాలయమునకు వేలకొలది గ్రంథములను సమకూర్చిరి. ఆ కాలమున నిజాము రాష్ట్రమందు రాజభాష ఉర్దూ, బడులలో చదువు ఉర్దూ. తెలుగు పుస్తకమును చేత బట్టుటయే చిన్నతనముగా నెంచువారు పట్టణమున నుండిరి. అట్టి తరుణములో తెలుగు గ్రంథములతో నిండిన బీరువాలు కుర్రవారి మనస్సులపై నెట్టి ముద్ర వేసియుండునో ఊహించుకొనవలసినదే.

1926వ సంవత్సరము మే 10వ తేదీన గోలకొండ పత్రికను ప్రారంభించిరి. సభ జరుపవలెనన్నను సర్కారు అనుమతి కోరవలసిన దినములవి. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువు జనులను ఒకచోట చేరనీయకుండెను. ఆ ఉత్తరువును ప్రతాపరెడ్డిగారు తమ పత్రికలో ఖండించిరి. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజామాంధ్ర మహాసభకు వారినే అధ్యక్షులుగా ఎన్నుకొనిరి. రాజకీయముల కథ ఇతరులు వ్రాసియున్నారు. నాకు ముఖ్యమైనది పత్రిక ద్వారా వారు చేసిన మరియొక పని.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులే లేరని ఒక పండితుడు వ్రాసెను. ఆ మాట ప్రతాపరెడ్డిగారి మనస్సున ములుకువలె నాటుకొనెను. కోపముతో ఒక సంపాదకీయము వ్రాసి ఊరకుండిన, రెండు వారములలో అందరు మరచిపోయి యుందురు. వారు వేరుగా ఆలోచించిరి. కవులు లేరన్న మాటకు ప్రత్యుత్తరము కవులే. ఏ యూరిలో ఎవరు పద్యములు వ్రాయుచున్నను పంపవలసినదని పత్రిక ద్వారా కోరిరి. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానముల పండితులు మొదలుకొని మారుమూల బడిపంతుళ్ల వరకు పద్యములు పంపిరి. అన్నిటిని చదివి, వరుస పరచి, కవుల వివరములతో 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. అందులో 354 మంది కవులు కలరు.

ఈ సంఖ్యను ఊరక చదివి దాటిపోరాదు. నాడు టెలిఫోను లేదు. అనేక గ్రామములకు బాట సరిగా లేదు, టపా వారమునకొకమారు వచ్చినను గొప్పయే. చేతివ్రాతలు ఒక్కొక్కటి ఒక్కొక తీరు. ఒకరి పేరులో అక్షరము తప్పినను ఆ మనిషి చరిత్ర తప్పిపోవును. ఇంత శ్రమకు ప్రతిఫలముగా ఎవరికిని పైకము ముట్టలేదు. పని చేసినవారు ఇష్టముతో చేసిరి.

హైదరాబాదులో ఇట్టి యుద్యమమే మరియొకటి అప్పటికే సాగుచుండెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో కీర్తిశేషులైన పిదప వారి పేర వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తాళపత్రములను, శాసనముల ప్రతులను సేకరించెను. ఆదిరాజు వీరభద్రరావుగారి వంటి ఉపాధ్యాయులు బడి వేళలు ముగిసిన తరువాత ఈ పని చూచుచుండిరి. 1935లో ఆ మండలి తెలంగాణ శాసనములను ప్రకటించెను. రాజుల దానశాసనములు ఒక వైపు, పల్లె కవుల పద్యములు ఇంకొక వైపు ఇట్లు ఒకే కాలమున భద్రపడినవి.

ప్రతాపరెడ్డిగారి మహాకృతి 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. తూర్పు చాళుక్యుల కాలము నుండి 1907 వరకు తెలుగువారు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ దేవరలను కొలిచిరి అను సంగతులను అందు చెప్పిరి. రాజులు, యుద్ధములు, తేదీలు అనునవే చరిత్రయని నేర్చిన మనకు ఇది క్రొత్త త్రోవ. పాల్కురికి సోమనాథుడు, శ్రీనాథుడు మొదలగు కవుల కావ్యములే వారికి శాసనములైనవి. కావ్యములలో కనబడు ఆటల పేర్లకు, నగల పేర్లకు నిఘంటువులు ఒక క్రీడ యనియో, ఒక భూషణమనియో వ్రాసి చేతులు దులుపుకొనుట వారికి మిక్కిలి చికాకు కలిగించెను. నిఘంటువునకు తెలియనిది పల్లెలోని అవ్వకు తెలియునని వారి విశ్వాసము. అవ్వ పోయిన మాటయు పోవునని భయము కూడ.

ఇచట ఒక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతమున కాపుల గోత్రములను, వంశములను చెప్పుచు ఊరూర తిరుగు పిచ్చుకగుంట్లవారు, నేడు వంశరాజులని పిలువబడువారు, కలరు. ఏ యింటి మూలపురుషుడు ఎచటి నుండి వచ్చెనో, ఎవరి కెందరు కొడుకులో వారి నోటనే నిలిచియుండెను. పట్వారీల యిండ్ల పెట్టెలలో పాత లెక్కలు, ఇనాముల సనదులు నుండెడివి. నేడు వానిలో ఎన్ని మిగిలెనో తెలియదు. ఇల్లు విప్పినపుడు పాత కాగితములను పొయ్యిలో వేయుట నేను కన్నులార చూచితిని. నేనును అడ్డు చెప్పలేదు. ప్రతాపరెడ్డిగారి గ్రంథమును చదివిన పిదపగాని ఆనాడు కాలినదేమో నాకు బోధపడలేదు. మన గ్రంథాలయములో వార్తాపత్రికల ప్రక్క ఒక బీరువాను ఇట్టి కాగితములకై కేటాయించి, తాళపుచెవిని వంతులవారీగా ఉంచుకొను నలుగురు యువకులున్న చాలునని నా మనవి. రసీదు వ్రాసి తీసికొనవలెను. అడిగినపుడు తిరిగి చూపవలెను. నమ్మకము లేనిచోట ఎవరును తాతల కాగితములు తెచ్చి యీయరు.

శాసనసభ్యులైన పిదప ప్రతాపరెడ్డిగారు ఎక్కువ కాలము జీవింపలేదు. 1953వ సంవత్సరము ఆగస్టు 25వ తేదీన, ఏబది యేడేండ్ల వయస్సున, స్వర్గస్థులైరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొట్టమొదటి పురస్కారము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు లభించెను. దానిని అందుకొనుటకు గ్రంథకర్త లేడు.

గోలకొండ కవుల సంచిక తరువాత పునర్ముద్రణ పొందినది. అందలి కవులలో పలువురికి వేరే గ్రంథము లేదు, ఫొటో లేదు, సమాధి గుర్తు లేదు. ఊరి పేరు, మనిషి పేరు, నాలుగు పద్యములు, అంతే. ఆ పుటలలో తమ ముత్తాత పేరు వెదకుకొనువారు నేటికిని కలరు.