భాష రాని ఊళ్లో ఎత్తులే మాటలు

కొత్త ఊరు, రాని భాష. నోరు విప్పితే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని బెరుకు. పదిహేనేళ్ల వేరా మెన్చిక్‌ది అదే పరిస్థితి. తండ్రి చెక్ దేశస్థుడు, తల్లి ఇంగ్లీషావిడ. పుట్టింది 1906లో మాస్కోలో. విప్లవం వచ్చాక నాన్నగారి మిల్లు పోయింది, అమ్మానాన్నలూ విడిపోయారు. 1921లో అమ్మతో, చెల్లెలు ఓల్గాతో ఇంగ్లండులోని హేస్టింగ్స్‌కి చేరింది వేరా.

వెంట తెచ్చుకున్న ఆస్తల్లా తొమ్మిదో ఏట నాన్న నేర్పిన చదరంగమే. ఆ ఆటకి మాటలతో పనేముంది? 1923లో ఊళ్లోని చెస్ క్లబ్బులో చేరింది. హంగరీ మేటి ఆటగాడు గేజా మరోజీ దగ్గర మెలకువలు నేర్చుకుంది.

1926 జనవరిలో లండన్‌లో బాలికల చాంపియన్‌షిప్ జరిగింది. అప్పటికి వేరాకి ఇంకా ఇరవై నిండలేదు. బల్లకి అటువైపు కూర్చున్నదీ ఆ ఈడు ఆడపిల్లలే. వాళ్లందరినీ దాటి విజేతగా నిలిచింది. ఓల్గాది మూడో స్థానం. మరుసటేడు అక్క మళ్లీ మొదట, చెల్లెలు రెండోది! అదే 1927లో మహిళలకు తొలిసారి ప్రపంచ చాంపియన్‌షిప్ పెడితే, పదకొండు ఆటల్లో పది గెలిచి, ఒకటి డ్రా చేసుకుంది వేరా.

ఆడవాళ్ల మీద గెలవడం గొప్పా అన్నవాళ్లూ లేకపోలేదు. 1929లో కార్ల్స్‌బాద్‌లో మగవాళ్ల సరసన ఆమెను ఆడనిస్తే, ఆల్బర్ట్ బెకర్ వెటకారమాడాడు. ఆమె చేతిలో ఓడినవాళ్లకి ఓ క్లబ్బు పెట్టాలన్నాడు. తీరా అందులో మొదటి సభ్యుడు ఆయనే అయ్యాడు! నిజానికి ఆ పోటీలో 22 మందిలో వేరాది ఆఖరి స్థానం. అయినా వెనకడుగు వేయలేదు. తరవాత ప్రపంచ విజేత అయిన మాక్స్ యూవేని సైతం రెండుసార్లు ఓడించింది.

1937లో పెళ్లయింది. 1943లో భర్త పోయాడు. 1944 జూన్ నెలాఖరులో లండన్‌లోని ఇంటిమీద జర్మన్ బాంబు పడి వేరా, ఓల్గా, తల్లి ముగ్గురూ కన్నుమూశారు. అప్పటికీ ప్రపంచ కిరీటం వేరాదే.

మహిళల చెస్ ఒలింపియాడ్ విజేతలకిచ్చే కప్పు నేడు ఆమె పేరిటే ఉంది. 2024లో బుడాపెస్ట్‌లో దాన్ని గెలిచిన భారత జట్టులో మన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక కూడా ఉంది. మీ ఇంట్లోనూ నలుగురిలో నోరు మెదపని పిల్ల ఉందా? ఓసారి చదరంగం బల్ల ముందు కూర్చోబెట్టి చూడండి.