పెళ్లికొడుకే కచేరీ చేశారు.. మైక్‌కు పనికిరాదన్న గొంతే ఇంటింటికీ చేరింది: ఇదీ ఘంటసాల కథ

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు.. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా పెళ్లివారింట ఒకటే చర్చ. సన్నాయి మేళం మాట్లాడాలా, బ్యాండా, డీజేనా? ఈ మధ్య పెళ్లికొడుకు, పెళ్లికూతురే స్టూడియోకి వెళ్లి పాట రికార్డ్ చేయించుకుంటున్నారు కూడా. ఇదేదో కొత్త ట్రెండ్ అనుకోకండి. 80 ఏళ్ల కిందటే తన పెళ్లికి తానే పాడిన పెళ్లికొడుకు ఒకరున్నారు. కొల్లేరుకు అటు పక్క, గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబర్ 4న పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు.

తండ్రి మృదంగం వాయిస్తూ నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. ఆ పాటకు చిన్నారి ఘంటసాల అడుగులేసేవారు. తండ్రి తొందరగానే పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో చేతి ఉంగరం అమ్మేసి విజయనగరం వెళ్లారు. అక్కడ ఇంటింటికీ తిరిగి మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో దిగి జైలుకూ వెళ్లొచ్చారు.

ఇక పెళ్లి సంగతికి వద్దాం. 1944 మార్చి 4న మేనకోడలు సావిత్రితో ఆయన పెళ్లి. అప్పట్లో పెళ్లింట పాట కచేరీ పెట్టించారంటే ఊరంతా చెప్పుకునేవారు. ఇక్కడ మాత్రం బయటి విద్వాంసుడితో పని లేకపోయింది. ఆ సాయంత్రం పెళ్లికొడుకే కూర్చుని కచేరీ చేశారు. వచ్చిన చుట్టాలు నోరెళ్లబెట్టారు.

తర్వాత సముద్రాల రాఘవాచార్య మాట మీద మద్రాసు చేరారు. పగలు అవకాశాల కోసం తిరగడం, రాత్రి పానగల్ పార్కులో పడుకోవడం. గ్రామఫోన్ రికార్డు కోసం వెళ్తే ఈ గొంతు మైక్‌కు పనికిరాదని తిప్పి పంపేశారు! ఆ తర్వాత అదే హెచ్‌ఎంవీలో పనిచేస్తున్న పేకేటి శివరాం పట్టుబట్టి పాడించారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో పాటకు అందిన పారితోషికం 116 రూపాయలు.

అప్పటి రికార్డింగ్ ఎలా ఉండేదో ఇప్పటి వాళ్లకి తెలియాలి. ఇవాళ స్టూడియోలో ఒక్కో లైనూ విడిగా పాడొచ్చు, శ్రుతి తప్పితే కంప్యూటర్ సరిచేస్తుంది. ఆ రోజుల్లో గాయకుడు, వాద్యబృందం అంతా ఒకేసారి పాడాలి, వాయించాలి. తబలా ఒక్క దెబ్బ తప్పినా పాట మొదటికొచ్చేది. అందుకే స్టూడియోలో అడుగుపెట్టేలోపే రిహార్సల్స్‌లో పాట నలిగిపోవాలి. పైగా పందిట్లో చివరి వరుస దాకా వినపడాలని ఎత్తే గొంతు వేరు, జానెడు దూరంలోని మైక్‌కి చెప్పే గొంతు వేరు. ఘంటసాల ఈ రెండో విద్యలోనే అందరినీ దాటేశారనిపిస్తుంది. పద్యం ఎత్తుకుంటే గంట మోగినట్టుంటుంది, యుగళగీతానికొస్తే పక్కన కూర్చుని మాట్లాడినట్టుంటుంది.

సంగీత దర్శకుడిగా పాతాళ భైరవి చేశారు. 1957లో మాయాబజార్. సినిమా మొత్తం శశిరేఖ పెళ్లి గొడవే కదా! నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టి తప్పుకుంటే, మిగతా భారమంతా ఘంటసాల మోశారు. మాధవపెద్ది సత్యం పాడిన వివాహ భోజనంబు ఈ రోజుకీ విస్తళ్లు వేయగానే మైక్‌లో పడాల్సిందే.

1970లో పద్మశ్రీ వచ్చింది. ఆరోగ్యం దెబ్బతిన్నా భగవద్గీత రికార్డ్ చేయాలన్న కోరిక తీర్చుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు.

ఆ గీత వినపడిందంటే ఎవరో పోయారని మన ఊళ్లలో లెక్క. అందుకే పెళ్లి పందిట్లో ఘంటసాల హిట్స్ పెట్టేటప్పుడు పెద్దవాళ్లు ఓ కన్నేసి ఉంచుతారు. ఫోన్‌లో ఆయన పేరు కొట్టి షఫుల్ నొక్కి వదిలేశారో.. తలంబ్రాల మధ్యలో గీత మొదలైపోతుంది మరి!