సముద్రపు పంటను లెక్కించిన విక్టర్ హెన్సెన్

ఉష్ణదేశముల భూములు దట్టమైన యడవులతో నిండియుండును. కావున అచ్చటి సముద్రములును జీవరాశితో నిండియుండునని పూర్వము పండితులు సైతము తలంచిరి. ఆ తలంపును లెక్కచే పరీక్షించిన ఘనుడు విక్టర్ హెన్సెన్.

ఆయన 1835 సం. ఫిబ్రవరి 10వ తేదీన ష్లెస్విగ్ పట్టణమున జన్మించెను. వైద్యవిద్య నభ్యసించి, 1868లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయమున శరీరధర్మశాస్త్రాచార్యుడయ్యెను. చెవి లోపలి కణములు కొన్ని నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నవి.

అయినను జాలరుల బ్రదుకు ఆయన మనస్సును సముద్రమువైపు లాగెను. పొలమునకు పంటలెక్క యున్నట్లు సముద్రమునకును ఉండవలదా యని ఆయన యోచించెను. చేపలు చిన్న ప్రాణులను దినును. ఆ ప్రాణులు నీట దేలు సూక్ష్మవృక్షములను దినును. ఈ వృక్షములే సముద్రపు పచ్చిక. నీటితో కొట్టుకొనిపోవు ఈ జీవరాశికి 1887లో ఆయన ప్లాంక్టను అని పేరిడెను. పిండి జల్లించు సన్నని పట్టుగుడ్డతో వల కుట్టించి, దానిని లోతునుండి నిలువుగా పైకి లాగించి, చిక్కినవానిని సూక్ష్మదర్శినిలో లెక్కించెడివాడు.

1889 జూలైలో ఆయన నేషనల్ అను పొగయోడపై కొందఱు పండితులతో బయలుదేరి, అట్లాంటిక్ మహాసముద్రమున సంచరించి, నవంబరులో తిరిగివచ్చెను. ఉత్తరపు చల్లని నీటియందు వల నిండుగా వచ్చెను. సర్గాసో సముద్రపు స్వచ్ఛమైన నీలిజలములందు మిక్కిలి కొంచెమే చిక్కెను. 1890లో సుప్రసిద్ధుడగు హెకెల్ ఈ లెక్కలు నిరర్థకములని తీవ్రముగా ఖండించెను. హెన్సెన్ వెనుదీయక తన పనిని కొనసాగించెను.

కారణము తరువాతివారు వివరించిరి. మొక్కలకు నత్రజని, భాస్వరము మొదలగు పోషకములు కావలెను. వానిలో దేనికి కొఱత యేర్పడినను పెరుగుదల యచ్చటనే నిలుచును. చచ్చిన జీవులతో ఆ పోషకములు లోతునకు దిగిపోవును. ఉష్ణసముద్రములలో వెచ్చని తేలికనీరు మూతవలె పైన నిలిచి, వానిని తిరిగి పైకి రానీయదు. మన బంగాళాఖాతమున నదుల మంచినీరును ఇట్టి మూతయే యగుచున్నది.

హెన్సెన్ వలలోనొక లోపము గలదు. దాని కన్నములగుండ అతిసూక్ష్మ జీవులు జారిపోయెడివి. ఆయన శిష్యుడగు లోమన్ దీనిని బయలుపఱచెను. పేద సముద్రములలో నట్టి జీవులే యధికమని నేడెఱుగుదుము. అవి మిక్కిలి చిన్నవగుటచే, ఆహారము పెక్కు నోళ్లు దాటి చేపను చేరవలసియున్నది. ప్రతి మెట్టునను చాలభాగము ఖర్చగును. తుదకు చేపకు మిగులునది స్వల్పము. కావున వల లోపము తెలిసినను, వెచ్చని నీలిసముద్రము బీదదన్న ఆయన నిర్ణయము నిలిచెను.

హెన్సెన్ 1924 ఏప్రిల్ 5వ తేదీన కీల్ నగరమున మరణించెను. విద్యార్థులారా! కంటికింపైన నీలివర్ణము సమృద్ధికి గుఱుతు కాదు. పెద్దల మాటయైనను కొలిచి చూచుట నేర్చుకొనుడు. మీ కొలతలోని లోపమును మీ శిష్యులే చూపినచో సంతోషింపుడు.