కరవును కరవని వ్రాసిన బ్రౌను దొర

పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ అనబడిన ఈ కొండకు తన పేరు విడిచిపోయిన హార్స్లీ దొర కడప జిల్లా కలెక్టరు. మదనపల్లె ప్రాంతము 1911 వరకును ఆ జిల్లాలోనిదే. హార్స్లీకి దాదాపు నలువదేండ్లకు ముందే, 1820లో, అదే కడప కచేరికి ఇరువదియొక్క యేండ్ల యువకుడు సహాయోద్యోగిగా వచ్చెను. అతడే ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి మతాచార్యుడు. 1817లో చెన్నపట్టణము చేరి, వెలగపూడి కోదండరామ పంతులుగారివద్ద తెలుగు నేర్చెను. అయితే పుస్తకములలోని తెలుగు వేరు, రైతు కచేరి మెట్లెక్కి తన గోడు చెప్పుకొను తెలుగు వేరు. ఈ రెండవదానిని నేర్పిన గురువులు కడప జిల్లా జనులే. పండితులు అంతగా మన్నింపని వేమన పద్యముల తాళపత్రములను వెదకి తెప్పించి, 1829లో అచ్చువేయించెను. పామరుని మాట పామరునికే గాక పండితునికిని తగులునని గ్రహించినవాడు గనుకనే ఆ శ్రమకు పూనుకొనెను.

1832-33, నందన సంవత్సరము. బ్రౌను అప్పుడు గుంటూరులో ఉద్యోగించుచుండెను. వానలు లేవు, పైరులు లేవు, గాదెలు ఖాళీ. ఆ జిల్లాలోని సుమారు 5 లక్షల జనములో లక్షన్నరకు తక్కువ గానివారు మరణించిరి. డొక్కల కరవు అని ప్రజలు దానికి పేరు పెట్టిరి. ప్రజలు పేరు పెట్టుటకు వెనుదీయలేదు గాని, తోడి అధికారులు తమ కాగితములలో కొరత అని మాత్రమే వ్రాయుచుండిరి. బ్రౌను కరవు అనియే వ్రాసెను.

రెండు మాటలకును భేదమెంత? లెక్కలు వ్రాయువారికి ఇది చక్కగా తెలియును. కొరత అన్నచో పైవారు ఇంకొక నెల వేచియుండవచ్చును, ఇంకొక నివేదిక తెప్పించుకొనవచ్చును. కరవు అన్నచో ఖజానా తలుపు తీయవలసియుండును. ఎక్కడో చెన్నపట్టణములో కూర్చున్నవారికి శవములు కానరావు. వారి కంట బడునది కాగితముమీది ఆ ఒక్క మాటయే. దానిని మెత్తపరచినచో చచ్చినవారి సంఖ్యయును మెత్తపడినట్లే తోచును. బ్రౌను అలంకారముగా గట్టి మాట ఏరుకొనలేదు. ఊరివారనుచున్న మాటనే ఎత్తి పైకి పంపెను.

ఆ మాట పైవారికి రుచింపలేదు. అతని పరిపాలనా పద్ధతులపైనను విమర్శలు వచ్చినవి. 1834లో ఉద్యోగము పోయి స్వదేశము చేరెను. సాటివారివలె కొరత అని వ్రాసియుండినచో ఒక నింద యైనను తప్పియుండెడిది.

1837లో మరల వచ్చి, కుంపిణీ కొలువులో పారసీ అనువాదకుడయ్యెను. 1852లో ఆయన నిఘంటువులు వెలువడినవి. కవుల పదముల ప్రక్కనే వాడుక మాటలకును అందు పీట వేసెను. కచేరీలలో నలుగు అన్యదేశ్యములకై జిల్లా నిఘంటువని వేరొక పుస్తకమునే కూర్చెను. దస్తావేజులోని మాట అర్థముగాక వ్రేలిముద్ర వేసిన రైతు ఎంత నష్టపోవునో ఎరిగినవారికి ఈ చిన్న పుస్తకము విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

1855లో ఉద్యోగము మాని లండను చేరి, అచటి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగునకు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న మరణించెను. కడపలో ఆయన బంగళా యుండిన స్థలముననే ఆయన పేర గ్రంథాలయము వెలసినది.