స్టీఫెన్ హేల్సు: రక్తపు పోటును కొలిచిన పాదిరి

ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతముల బిడ్డలకు చెఱువు సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. అనంతసాగరము చెఱువు నిండియున్నపుడు తూమునుండి నీరు ఉరవడితో వెలువడును. మట్టము తగ్గినకొలది ఆ వేగమును తగ్గును. మన దేహమందలి రక్తమునకును అట్టి త్రోపుడు గలదు. దానినే రక్తపు పోటు అందుము. దానిని మొట్టమొదట కొలిచినవాడు వైద్యుడు కాడు; ఒక గ్రామ దేవాలయపు పాదిరి.

స్టీఫెన్ హేల్సు 1677వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఇంగ్లండునందలి కెంటు మండలమున జన్మించెను. 1696లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చేరి, దైవశాస్త్రముతోపాటు ప్రకృతిశాస్త్రములను అభ్యసించెను. సృష్టియందలి ప్రతి విషయమును తూచి, కొలిచి తెలిసికొనవలెనను పట్టుదల ఆయనకు అచ్చటనే కలిగెను. 1709లో థేమ్సు నదీతీరమందలి టెడింగ్టను గ్రామమునకు పాదిరిగా వచ్చి, జీవితాంతము అచ్చటనే యుండెను. 1720లో వివాహమాడెను గాని మరుసటి యేడే భార్య గతించెను. ఆయన మరల పెండ్లాడలేదు.

ఆయన చేసిన పరీక్షలలో ప్రసిద్ధమైనది ఒక ఆడుగుఱ్ఱముపై చేసినది. పనికిరాక చంపబడనున్న ఆ గుఱ్ఱమును వెల్లకిల కట్టివేసి, దాని తొడయందలి ధమనిలో ఇత్తడి గొట్టమును చొనిపి, దానికి 9 అడుగుల గాజుగొట్టమును నిలువుగ తగిలించెను. రక్తము గుండె మట్టమునకు పైన 8 అడుగుల 3 అంగుళముల యెత్తునకు లేచి, ప్రతి నాడికొట్టుటతోను హెచ్చుచు తగ్గుచుండెను. సిరలయందు చూడగా అది సుమారు ఒక్క అడుగు మాత్రమే లేచెను. గుండె యిచ్చిన బలమంతయు నడుమనున్న సన్నని నాళములలో ఖర్చగుచున్నదని దీనివలన తేలెను. ఆ నాళములలోనికి గోరువెచ్చని నీటిని పంపినపుడు వేగముగను, చల్లని నీటిని పంపినపుడు మెల్లగను పోవుట చూచి, అవి వెడల్పగుచు ఇఱుకగుచు నుండునని ఆయన గ్రహించెను. ధమనులు సాగి మరల ముడుచుకొనుటచేతనే రక్తము ఎడతెగక ప్రవహించుచున్నదనియు తెలిపెను. ఈ విషయములను 1733లో గ్రంథముగ ప్రకటించెను.

మత్తుమందు లేని ఆ దినములలో ఆ మూగజీవము పడిన బాధ కొంచెము కాదు. పొరుగున నివసించిన పోపు మహాకవి హేల్సును మిత్రునిగ గౌరవించుచునే ఈ పరీక్షలను మాత్రము అసహ్యించుకొనెను. హేల్సునకును ఆ పని రోతగనే తోచెను. అందుచే కొంతకాలము దానిని విడిచి మొక్కలలోని రసప్రసారమును పరిశీలించి, 1727లో వేఱొక గ్రంథము వ్రాసెను. ఓడలలోను చెఱసాలలలోను మగ్గిపోవువారికి మంచిగాలి యందునట్లు యంత్రములను కల్పించి అనేకుల ప్రాణములను కాపాడెను. 1739లో రాయలు సొసైటీవారు ఆయనకు కాప్లీ పతకము నొసగిరి. 1761 జనవరి 4వ తేదీన పరమపదించి, తన దేవాలయపు గోపురము క్రిందనే సమాధి చేయబడెను.

ఆయన వేసిన బాటను ఇతరులు సాగించిరి. 1828లో పాజెయి పొడవైన గాజుగొట్టమునకు బదులు పాదరసమును వాడెను. 1896లో ఇటలీ వైద్యుడు రీవా రోచి చేతికి పట్టీ చుట్టి, గాయము లేకయే పోటును కొలుచు సాధనమును నిర్మించెను. 1934లో అమెరికాయందు గోల్డ్‌బ్లాటు కుక్కల మూత్రపిండముల ధమనులను బిగించి, దానివలన పోటు హెచ్చునని నిరూపించెను. 1963లో జపానువారు పుట్టుకతోనే పోటు హెచ్చు ఎలుకల సంతతిని పెంచి, మందుల పరిశోధనకు తోడ్పడిరి. పరిశోధనలందు జంతువులకు అనవసరపు బాధ కలుగకుండ జూచుటకై మన దేశమున 1960లో చట్టము చేయబడెను.

బాలబాలికలారా! అధికమైన పోటు సామాన్యముగ నొప్పి నీయదు; తెలియకయే ధమనులను గట్టిపఱచి గుండెకును, మెదడునకును, మూత్రపిండములకును చేటు తెచ్చును. నేడు ఆసుపత్రియందు ఒక్క నిమిషములో, రక్తపు బొట్టైన చిందక, దానిని తెలిసికొనవచ్చును. మీ యింటి పెద్దలను పరీక్షకు తీసికొనిపొండు. ఊరగాయలలోను ఎండుచేపలలోను ఉప్పు మెండని వారికి తెలుపుడు. ఈ సౌకర్యమునకు మూగజీవములు ప్రాణములతో వెల చెల్లించినవి. అనవసరముగ ఏ ప్రాణిని బాధింపకుండుటయు, అంత వెలకు లభించిన జ్ఞానమును వ్యర్థము చేయకుండుటయు మన విధులు.